శెనక్కాయ లేని హోటలు

హోటల్ మెనూ కార్డు మీద ఏ వంటకంలో ఏం వేశారో రాయకపోవడం మన జాతి సాధించిన గొప్ప విజయాల్లో ఒకటని ఘంటాపథంగా చెప్పగలను. విదేశాల్లో చూడండి! ఇందులో పాలున్నాయి, ఇందులో గోధుమలున్నాయి, ఇందులో గింజలున్నాయి జాగ్రత్త అని ప్రతి వంటకం కిందా చీమతలంత అక్షరాలతో అచ్చు వేసుకుంటారట పాపం. తినబోయే ముందే ఏం తింటున్నామో తెలిసిపోతే ఇంక తినడంలో మజా ఏముంది?

అలాగని మన మెనూలు ఏమీ రాయవని కాదు. రాస్తాయి! బళ్లారిలో గనులు జోరుగా నడిచిన రోజులు గుర్తున్నాయా? కొండలకు కొండలు లారీలెక్కి రేవుకు, రేవు నుంచి చైనాకు పోయాయి. అంత కొండ తీసుకున్న చైనా బదులుగా మనకు గోబీ మంచూరి పంపిందని ఊళ్లో చాలామంది నమ్మారు. వీధికో మల్టీ క్యుజీన్ రెస్టారెంటు లేచింది.

ఆ మెనూల్లో ఎంత స్పష్టత అనుకున్నారు! పచ్చ చుక్క, ఎర్ర చుక్క. జైన్ స్పెషల్. ఉల్లి, వెల్లుల్లి తగలనిది. గుడ్డు లేని కేకు. శ్రావణమాసం థాళీ. మాల వేసుకున్న స్వాములకు వేరే మూకుడు, వేరే గరిటె, ఆ గరిటె పట్టుకోవడానికి వేరే మనిషి. మీరు లోపలికి అడుగు పెట్టగానే వెయిటరు మీ నుదురు చూసి, మెడ చూసి, చెప్పులు చూసి, సరైన పేజీ తెరిచి చేతికిస్తాడు. ఇంతకంటే ఏం కావాలి? ఇంకా వేరుశనగ ఉందో లేదో కూడా రాయాలా?

అదీ బళ్లారి సీమలో! చట్నీలో శెనక్కాయ. పొడిలో శెనక్కాయ. గుత్తి వంకాయ కడుపులో శెనక్కాయ. బొరుగుల్లో శెనక్కాయ, ఇవన్నీ వేయించిన నూనె కూడా శెనక్కాయదే. ఆ రోజుల్లో మా ఊళ్లో గాలి పీలిస్తే ఎర్ర మన్ను, నోరు తెరిస్తే శెనక్కాయ. నీళ్లు పోశామని ఏ వంటవాడైనా రాసుకుంటాడా?

అయితే ప్రతి ఊళ్లోనూ ఒక కృతఘ్నుడు ఉంటాడు. మా ఊళ్లో అతని పేరు కృపానిధి. సత్యనారాయణపేటలో ఉంటాడు, బోర్డులు రాసే ఆర్టిస్టు. లారీల వెనక ‘హారన్ ఓకే’ నుంచి క్లినిక్కుల ముందు ‘చెప్పులు ఇక్కడే విడువుడి’ దాకా సగం ఊరి అక్షరాలు అతనివే. ఈ మనిషికి శెనక్కాయ పడదు. ఒక్క గింజ లోపలికి పోయిందా, పెదాలు బూరెల్లా ఉబ్బుతాయి, గొంతు పూడుకుపోతుంది.

ఊరు అతని మీద జాలి పడింది గానీ నమ్మలేదు. “శెనక్కాయ పడదంటే మరి ఏం తిని బతుకుతాండావప్పా?” అని అడగనివాళ్లు లేరు. పడదంటే కడుపులో కాస్త గడబిడ చేస్తుందని వాళ్ల లెక్క. సిరిగేరి చర్చిలో ప్రేమ విందునాడు ఎవరో అభిమానం కొద్దీ వంకాయ కూర వడ్డించారు. పాస్టరు గారు అతని కోసం ప్రార్థన మొదలుపెట్టేలోపు కృపానిధి భార్య సామ్రాజ్యం జీపు మొదలుపెట్టించింది. ఈసారికి బతికాడు, ఇంకోసారి ఆస్పత్రి దాకా వస్తాడని నేను మాటివ్వలేనని డాక్టరు ఆమెకు చెప్పాడు.

ఆనాటి నుంచి సామ్రాజ్యం ఒక పద్ధతి పెట్టుకుంది. బయట ఎక్కడ తిన్నా ముందు తను ఒక ముద్ద నోట్లో వేసుకుంటుంది. కళ్లు మూసుకుని నమిలి, నాలుకతో అటూ ఇటూ తిప్పి, తల ఆడిస్తేనే కృపానిధి చెయ్యి కంచంలోకి వెళ్తుంది. తాలింపు నూనెలో ఉన్నా పట్టేసే నాలుక ఆమెది. మొగుడి కంటే ముందు తినే ఆడదని పెళ్లిళ్లలో ముక్కు మీద వేలేసుకున్నారు. ఆమె లెక్క చేయలేదు. అదనపు భద్రతగా సంచిలో ఒక క్యారియర్ కూడా ఉండేది. చూశారా, మెనూ మీద రాయకపోవడం వల్ల ఒక కాపురం ఎంత సన్నిహితమైందో!

ఇప్పుడు మోక ఊరి సిద్దేశ్ సంగతి. ఒకప్పుడు వాళ్ల నాయనను శెనక్కాయల తాయప్ప అనేవాళ్లు. ఆయన పండిస్తే భార్య దురుగమ్మ ఉడకబెట్టి, బుట్టలో పెట్టుకుని బళ్లారి మిషన్ స్కూలు గేటు ముందు అమ్మేది. తాయప్ప పోయాక ఆ చేను ఇనుప మన్ను పోసుకునే యార్డు అయింది. యార్డు లారీలైంది, లారీలు హోసపేట రోడ్డులో హోటల్ ఐరన్ ప్యాలెస్ అయ్యాయి. ఇంటి పేరులా అంటుకున్న ఆ శెనక్కాయ మాత్రం సిద్దేశ్‌ను వదల్లేదు. పెద్ద కార్లలో వచ్చేవాళ్లకు తల్లి బుట్ట గుర్తుకు రాకూడదు. అందుకని ఆ మాట హోటల్లో ఎక్కడా వినబడకూడదన్నాడు. కుర్మా కాజు కుర్మా అయింది, మసాలా కాజు మసాలా అయింది, చివరికి బెండకాయ కూడా కాజు బెండకాయ అయింది. కూర మీద రెండు జీడిపప్పులు పైకి కనబడేవి. గ్రేవీ చిక్కదనం మాత్రం పాత చుట్టానిదే.

గోడ మీద ఆ మెనూ రాసింది ఎవరనుకున్నారు? కృపానిధే! కాజు, కాజు అని మణికట్టు నొప్పెట్టేదాకా రాశాడు. చివరలో, ‘బయటి తిండి లోపలికి తేరాదు’ అని గేటు బోర్డు కూడా తనే రాశాడు. పని బాగా కుదిరిందని సిద్దేశ్ మురిసిపోయి, ప్రారంభం రోజు భార్యతో సహా భోజనానికి రమ్మన్నాడు.

వెళ్లారు. గేటు దగ్గర వాచ్‌మన్ బోర్డు చూపించి సామ్రాజ్యం చేతిలోని క్యారియర్ తీసి పక్కన పెట్టుకున్నాడు. మొగుడి దస్తూరీకి అడ్డం చెప్పే హక్కు ఆమెకు ఎక్కడిది? అంతటితో అయినా ఫర్వాలేదు. ఆ వారం అంతా దుమ్ముకు జలుబు పట్టి ఆమె ముక్కు మూసుకుపోయి ఉంది. కాజు కుర్మా ఒక ముద్ద నోట్లో వేసుకుంది. కళ్లు మూసుకుంది. అటు తిప్పింది, ఇటు తిప్పింది. నాలుక కొయ్యముక్కలా ఉంది, ఏమీ చెప్పలేదు. రెండో ముద్ద తిన్నది. అదీ అంతే.

వెయిటర్‌ను పిలిచి శెనక్కాయ ఏమైనా వేశారా అని మెల్లగా అడిగింది. అతని ముఖం మాడిపోయింది. పాలల్లో నీళ్లు కలిపావా అని పాలవాణ్ని అడిగితే ఎలా ఉంటుందో అలా విన్నాడు. “అదెల్లా ఇల్లా మేడమ్, అట్లాంటివి ఉండవు, ఇది స్టాండర్డ్ హోటలు,” అన్నాడు. ఇంతలో మేనేజరు వచ్చాడు. గోడ మీద కాజు అని రాసి ఉంది కదా, రాసింది మీ ఆయనే కదా అని నవ్వాడు. గట్టి సాక్ష్యమే కదా మరి!

పక్క టేబుళ్ల వాళ్లు తలలు తిప్పారు. సిద్దేశ్ స్వయంగా వచ్చాడు. వచ్చినవాడు నెమ్మదిగా చెప్పి ఉండొచ్చు. కానీ వెనక పెద్దపెద్దవాళ్లు కూర్చుని ఉన్నారు. కౌంటరు మీద పూలదండతో ఉన్న తాయప్ప పటం వైపు చెయ్యి చాచాడు.

“మా నాయన మీద ఒట్టు అక్కా. ఈ హోటల్లో శెనక్కాయ అనేదే లేదు. అన్నా, నువ్వు తిను.”

సామ్రాజ్యం మొగుడి వైపు చూసి వద్దని తల అడ్డంగా ఊపింది. కృపానిధికి ఆమె భయం అర్థమైంది. కానీ పోయినవాళ్ల మీద ఒట్టు పెట్టిన మనిషి ఎదురుగా కంచం పక్కకు నెడితే ఏమని అర్థం? పిలిచి అన్నం పెట్టినవాడు అబద్ధాలకోరని, వాడి తండ్రి ఆత్మ కూడా అందులో పొత్తని! మా సీమలో అంత మాట అనడం కంటే గొంతు పూడి చావడం మర్యాద. కృపానిధి మర్యాదస్తుడు. చపాతీ ముక్క తుంచి కుర్మాలో ముంచాడు.

పాఠకులారా, లేబుల్ లేకపోవడం వల్ల కలిగే అసలు ఆనందం ఈ క్షణంలోనే ఉంది! ఇంత ఉత్కంఠ ఏ సినిమాలో దొరుకుతుంది?

ఆ ముక్క నోటిదాకా పోలేదు. వంటింటి తలుపు తోసుకుని దురుగమ్మ వచ్చింది. కొడుకు పట్టుచీర కట్టించి ఏసీ హాల్లో కూర్చోబెడితే, చలికి ఓర్వలేక వంటింట్లో స్టూలు వేసుకుని కూర్చున్న మనిషి. ఆర్డరిచ్చే కిటికీలోంచి ఒట్టు విన్నది. కృపానిధి ముఖం చూసింది. చూడగానే గుర్తుపట్టింది. బడి గేటు ముందు తన బుట్టలో గింజ తిని, మూతి వాచి, తన కాళ్ల దగ్గరే పడిపోయిన పిల్లవాడు. ఆ రోజు ఎత్తుకుని పరిగెత్తింది ఆమే. వచ్చి కృపానిధి చెయ్యి పట్టుకుంది.

“తినొద్దప్పా. దాంట్లో శెనక్కాయ ఉండాది. నేనే నూరిచ్చినా.”

సిద్దేశ్ అమ్మా అని ఏదో చెప్పబోయాడు. దురుగమ్మ పటం వైపు చూసింది.

“శెనక్కాయ పండించి నిన్ను సాకినోడు ఆయప్ప. ఆయప్ప మీదే ఒట్టేసి శెనక్కాయ లేదంటాండావా?”

సిద్దేశ్ తల వంచుకున్నాడు. సామ్రాజ్యం ఏడ్చింది. నిండు సభలో కొడుకు పరువు తీసి తన మొగుడి ప్రాణం కాపాడిన ఆ ముసలమ్మ కాళ్లు పట్టుకోవాలనిపించింది గానీ, ముందు కృపానిధి వేళ్లకు అంటిన కుర్మా కడిగించే పనిలో పడింది. పెద్దవాళ్లలో ఒకాయన మాత్రం, ఏదైతేనేం రుచిగా ఉంది, ఇంకాస్త వేయమన్నాడు.

ఇక మీరు ఏమనుకుంటారు? మర్నాడే సిద్దేశ్ మెనూ దిద్దించి ఉంటాడని, కాజు కొట్టేసి నిజం రాయించి ఉంటాడని! అదేం కుదరదు. కాజు పోతే హోటలు పోదూ? అయినా అతను చెడ్డవాడు కాదు, ఆ రాత్రి నిద్రపోలేదట. ఒక మనిషి తన ఇంట్లో చచ్చి ఉండేవాడని నిజంగానే భయపడ్డాడు. బాగా ఆలోచించి, వారం తిరక్కుండా కృపానిధిని పిలిపించి, గేటు దగ్గర కొత్త బోర్డు రాయమన్నాడు. కన్నడంలో, తెలుగులో, ఇంగ్లీషులో.

‘అలర్జీ ఉన్నవారికి ప్రవేశం లేదు.’

ఎంత స్పష్టంగా ఉందో చూడండి! తిండి మీద రాయడం కష్టం, గరిటె గరిటెకూ మారుతుంది. తినేవాడి మీద రాస్తే ఒక్కసారితో సరిపోతుంది. మన పచ్చ చుక్కలు, స్పెషల్ థాళీలు, వేరే గరిటెలు ఇన్నాళ్లూ చేసింది కూడా ఇదే కదా? కంచంలో ఏముందో ఎవరికి కావాలి, కంచం ముందు ఎవరున్నారో తేలితే చాలు. కృపానిధి తనను లోపలికి రానివ్వని బోర్డును తానే, వంకర లేకుండా, నీడ అక్షరాలతో రాశాడు. కింద మూలన అలవాటు ప్రకారం ‘కృపా ఆర్ట్స్’ అని సంతకం కూడా పెట్టాడు.

ఆ ఆదివారం మధ్యాహ్నం, చర్చి నుంచి వాళ్లు ఇంటికి చేరేసరికి దురుగమ్మ ఆటోలో వచ్చి అరుగు మీద కూర్చుని ఉంది. పక్కన క్యారియర్.

“కొత్త గిన్నెలో వండినా సామ్రాజ్యమ్మా,” అంది. “నూనె కుసుమ నూనె. రోలు గూడా కడిగి ఎండబెట్టినా. శెనక్కాయ యాడా తగల్లేదు, నేను చెప్తాండా.”

సామ్రాజ్యం గిన్నెలు విప్పింది. జొన్నరొట్టె, వంకాయ కూర. జలుబు తగ్గింది, నాలుక మామూలుగానే ఉంది. అలవాటు కొద్దీ ముక్క తుంచింది. దురుగమ్మ ముఖం చూసింది. ముక్క తిరిగి పళ్లెంలో పెట్టి, పళ్లెం మొగుడి ముందుకు జరిపింది. ఆ ప్రేమ విందు తర్వాత బయటి వంట కృపానిధి తనకంటే ముందు తినడం ఆమె చూసింది అదే మొదలు.

ఆ క్యారియర్ మీద ఏ చుక్కా లేదు, ఏ అక్షరమూ లేదు. కాబట్టి పాఠకులారా, మెనూ మీద ఏమీ రాయనక్కర్లేదన్న నా వాదన నిస్సందేహంగా గెలిచింది. ప్రతి హోటల్ వంటింట్లోనూ ఒక దురుగమ్మను స్టూలు మీద కూర్చోబెడితే చాలు. దొరుకుతుందేమోనని నేను కూడా బళ్లారి అంతా తిరిగాను. ఒక్కతే ఉంది, ఆమెను కూడా కొడుకు ఇప్పుడు వంటింట్లోకి రానివ్వడం లేదట.