ఇరవై ఆరు సంజాయిషీలు

శుక్రవారం పొద్దున నూకరాజు పెట్టుకున్న పని ఒక్కటే. భన్‌పురి వెళ్ళి కూలర్‌కి కొత్త గడ్డి తెచ్చి బిగించడం. మార్చి సగం కాకుండానే రాయపూర్‌లో ఎండ ముదిరింది. నిరుటి గడ్డి ఎండిపోయి ఇంటినిండా పొడి రాలుతోంది. భార్య ఉమారాణి హోలీ ముందు నుంచీ గుర్తుచేస్తూనే ఉంది. ఇక తప్పదని రైల్వే వర్క్‌షాపులో ఒకరోజు సెలవు పెట్టి, టీ తాగి, స్కూటర్ తాళాలు చేతిలోకి తీసుకున్నాడు. సరిగ్గా అప్పుడే ఫోను టింగుమంది.

"మీ అమ్మాయి పోర్ట్‌ఫోలియోలో కొత్త పేజీ చేరింది" అని బడి నుంచి సందేశం.

ఈ పోర్ట్‌ఫోలియోని రెండు నెలల క్రితం ఏడో తరగతికి తెచ్చింది సైన్సు టీచరు హెలెన్. పిల్లలు తాము చేసిన పనికి ఫొటో తీసి ఫోనులో పెట్టాలి. కింద మూడు ప్రశ్నలకి సొంత మాటల్లో జవాబు రాయాలి. ఏం చేశాను? ఎక్కడ తప్పాను? మళ్ళీ చేస్తే ఎలా చేస్తాను? అంతే, మార్కులు లేవు. మార్కులు లేని చదువేమిటని ప్రిన్సిపాల్ యోగేష్ సార్‌కి మొదటినుంచీ గుర్రుగానే ఉంది. శనివారం తల్లిదండ్రుల ముందు చూపించమన్నాడు. నచ్చితే వచ్చే ఏడు ఉంటుంది, నచ్చకపోతే బంద్. ముప్పై ఎనిమిది మంది పిల్లల్లో హెలెన్ టీచర్ చూపించడానికి ఎంచుకున్నది నవ్య పేజీని. నవ్య నూకరాజు ఒక్కగానొక్క కూతురు. క్లాసులో పిలిస్తే తప్ప పలకని పిల్ల. తన పేజీని పెద్ద తెర మీద వేస్తారని తెలిసిన దగ్గర్నుంచీ ఆమెకి కాలు నేలమీద నిలవడం లేదు.

గురువారం బడిలో నవ్య పెట్టిన ఆ పేజీని నూకరాజు తెరిచాడు. ఫొటోలో కోసిన సీసా, అందులో ఇసుక, కంకర, బొగ్గు, దూది. దానికింద గ్లాసులో తారులాంటి నీళ్ళు. నవ్య రాసింది చదివాడు.

"నీళ్ళను శుభ్రం చేసే ఫిల్టరు చేశాను. బొగ్గు కడగమని టీచర్ రెండుసార్లు చెప్పారు. ఏమవుతుందిలే అని కడగకుండా వేశాను. పోసిన నీళ్ళకంటే వచ్చిన నీళ్ళు మురికిగా ఉన్నాయి. తప్పు నాదే. మళ్ళీ చేస్తే బొగ్గు కడుగుతాను. ఏమవుతుందిలే అనుకోను."

నూకరాజు తాళాలు బల్లమీద పెట్టి కూలబడ్డాడు.

"ఏటయింది? అలా కూకుండిపోనావు?" వంటింట్లోంచి ఉమారాణి తొంగిచూసింది.

"నీ కూతురు గల్తీ ఒప్పీసుకుంది. రైటింగ్‌లో! తారీకుతో సహా!"

"సైన్సు పాఠమే కదేటి?"

"నీకు తెల్దు. ఒకపాలి రికార్డులోకి ఎక్కిందంటే బస్, ఇంక దిగదు."

ఉమారాణికి తెలియకపోవచ్చు గానీ నూకరాజుకి బాగా తెలుసు. ఉద్యోగంలో చేరిన మూడో ఏడు ఒక బోల్టు బిగించడం మరిచిపోయాడు. ఎవరికీ ఏమీ కాలేదు, తనిఖీలో దొరికింది, అంతే. తనతోపాటు మరో ఇద్దరికి సంజాయిషీ అడుగుతూ కాగితం వచ్చింది. కుర్రతనం కొద్దీ నూకరాజు "మరిచిపోయాను, నా తప్పే" అని రాసిచ్చాడు. తక్కిన ఇద్దరూ "వెలుతురు చాలక" అని రాశారు. వాళ్ళు పనిచేసే చోట రెండు కొత్త దీపాలు వచ్చాయి. నూకరాజు ప్రమోషను మూడేళ్ళు వెనక్కి వెళ్ళింది. అప్పట్నుంచి ఈ ఇరవై రెండేళ్ళలో ఆయన ఏ కాగితం మీదా తప్పు ఒప్పుకోలేదు. పైగా సంజాయిషీలు రాయడంలో చెయ్యి తిరగడంతో, వర్క్‌షాపులో ఎవరికి కాగితం వచ్చినా ముందు ఆయన దగ్గరికే పరిగెత్తేవాళ్ళు.

అలాంటి మనిషి కూతురు ఇలా రాస్తుందా? ఇంట్లో పేజీ తెరుచుకునేది ఆయన ఫోను నంబరుతోనే. అందుకని అడిగేవాళ్ళు లేరు. నవ్య రాసిన నాలుగు ముక్కలూ చెరిపి, మూడు ప్రశ్నల కిందా వర్క్‌షాపు ఇంగ్లీషులో కొత్తది రాశాడు. తెలుగులో చెప్పాలంటే అది ఇలా ఉంటుంది: "పై విషయమునకు సంబంధించి మనవి చేయునదేమనగా, ప్రయోగము నియమముల ప్రకారమే జరిగినది. నీరు నల్లబడుటకు గాలిలోని నల్లధూళి కారణము. అది అభ్యర్థి అధీనములో లేదు. ఇటువంటి సంఘటన పునరావృతము కాకుండా కుమారి నవ్య ఇకముందు తగు జాగ్రత్త వహించగలదు."

రెండుసార్లు చదువుకుని మురిసిపోయాడు. సిల్తారా ఫ్యాక్టరీల వైపు నుంచి గాలి వీస్తే డాబాల మీద మసి పడుతుందని కాలనీలో ఎవరిని అడిగినా చెబుతారు. కాబట్టి ఇది పూర్తిగా అబద్ధం కూడా కాదు. మంచి సంజాయిషీకి ఉండవలసిన లక్షణం అదే మరి.

ఇక్కడితో ఆగి భన్‌పురి వెళ్ళి ఉంటే ఈ కథ ఉండేది కాదు. కానీ ఒక్కడే గట్టెక్కితే బాగుండదనిపించి, పై క్వార్టర్లో ఉండే అమ్మిరాజుకి ఫోను చేశాడు. అమ్మిరాజు కొడుకు సందీప్ కూడా అదే క్లాసు.

"అయ్య బాబోయ్, మావోడు బద్ధకమేసి దూది పెట్టలేదని రాసేశాడండీ!" అన్నాడు అమ్మిరాజు హడలిపోయి. "అరే యార్, మీరు రాసింది కాస్త నాకూ పంపండి."

పంపాడు. అమ్మిరాజు దాన్ని క్లాసు తల్లిదండ్రుల గ్రూపులో పెట్టాడు. ఆ బడిలో రైల్వే వాళ్ళ పిల్లలే ఎక్కువ. కాగితానికి భయపడటానికి తెలుగని, హిందీ అని, ఛత్తీస్‌గఢీ అని తేడా లేదు. మధ్యాహ్నానికల్లా ఇరవై ఆరుమంది పిల్లల తప్పులు మాయమైపోయాయి. సీసా వంకరగా కోసినవాడు, ఇసుక బదులు సిమెంటు వేసినవాడు, ఫిల్టరు పట్టుకుని తమ్ముడితో కొట్టుకున్నవాడు, అందరిదీ ఒకటే కారణం. గాలి.

ఒంటిగంటకి యోగేష్ సార్ రేపటి సభకని పేజీలు తిరగేశాడు. తీరికలేని మనిషి కనుక రెండో ప్రశ్నకి జవాబు మాత్రమే చూసుకుంటూ పోయాడు. అయిదు పేజీలు చూసేసరికి చెమట పట్టింది. పది దాటేసరికి తన కిటికీ తానే లేచి మూసుకున్నాడు. హెలెన్ టీచర్‌ని పిలిచి, పేజీల సంగతి తర్వాత చూద్దురుగానీ ముందు పిల్లలకి, పెద్దలకి మూడువందల మాస్కులు ఏర్పాటు చెయ్యమని మందుల దుకాణాలకి పంపాడు. ఊరి బయట ధర్సీవాలో ఉండే రిటైర్డ్ కెమిస్ట్రీ లెక్చరరుకి ఫోను చేసి, రేపు పరికరాలతో సహా రావాలని బతిమాలాడు.

ఇంటికొచ్చిన నవ్య ఇదేమీ ఎరగదు. బొగ్గు మూడు నీళ్ళల్లో కడిగి, ఆరబెట్టి, పెరట్లో రెండో ఫిల్టరు పెట్టింది. చుక్కచుక్కగా కారిన నీళ్ళు తేటగా ఉన్నాయి. నాలుగున్నరకి పరిగెత్తుకొచ్చి, ఫొటో పేజీలో చేర్చడానికి ఫోను తీసుకుంది.

"నాన్నా, నా పేజీ ఏదీ? ఇదెవరు రాశారు?"

"నానే. నీ మంచికేనమ్మా. అలాటివి రాసీకూడదు. నీకిప్పుడు తెల్దు."

"కానీ ఇది ఝూట్ కదా. గాలి ఏం చేసింది?"

"గాలికి ప్రమోషన్ ఆగదు, నీకు ఆగుతాది."

నవ్య అరవలేదు. అరిస్తే ఆయనకి సులువుగా ఉండేది. తేట నీళ్ళు పట్టిన సీసాని ఆయన ముందు పెట్టి, "టీచర్ ఇది చూపిస్తామన్నారు. ముందు నల్లగా వచ్చాయి, తర్వాత తేటగా వచ్చాయి అని. మొదటిది తీసేస్తే దీనికి మత్లబ్ ఏముంది నాన్నా? ఉత్త తేట నీళ్ళని ఎవరు చూస్తారు?" అంది. కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి.

నూకరాజు ఆ సీసాని చేతిలోకి తీసుకున్నాడు. ఆ బోల్టు తర్వాత ఒక్కటంటే ఒక్క బోల్టు కూడా ఆయన మరిచిపోలేదు. రోజూ ప్రతిదాన్నీ రెండుసార్లు తాకి చూసేవాడు. ఆ సంగతి ఏ కాగితం మీదా లేదు. రాసే చోటు ఎవరూ ఇవ్వలేదు. పిల్లకి ఆ చోటు ఇచ్చారు, తాను వెళ్ళి తుడిచేశాడు.

"ఉండమ్మా, మళ్ళీ ఎక్కించీద్దాం" అని ఫోను తీసుకునేలోగా అమ్మిరాజు నుంచి ఫోను.

"గురువుగారూ, కొంప ములిగిందండి! రేపు మాస్కులేసుకు రమ్మని ప్రిన్సిపాల్ మెసేజ్ పెట్టాడు. ఎవరో సైంటిస్టు వస్తన్నాడంట! మీరిప్పుడు మార్చేశారంటే మేం ఇరవై అయిదుమందిమీ దొరికిపోతాం!"

ఆయన్ని సముదాయించి ఫోను పెట్టేసరికి అయిదు దాటి నాలుగు నిమిషాలైంది. సభ కోసం అయిదింటికే పేజీలకి తాళం వేశారు. హెలెన్ టీచర్‌కి చేస్తే, ఆవిడ మాస్కుల వేటలో ఉండి ఎత్తలేదు. నవ్య సీసాని తీసుకెళ్ళి కిటికీలో పెట్టి, అన్నం వద్దని పడుకుంది.

శనివారం పదింటికి హాల్లో కిటికీలన్నీ బిగించి ఉన్నాయి. మాస్కుల్లో తల్లిదండ్రులు ఉడికిపోతున్నారు. ఎవరు ఎవరో తెలియక ఒకావిడ భర్త అనుకుని పక్కింటాయన పక్కన కూర్చుంది. లెక్చరరు చిన్న మీటరు పట్టుకుని హాలంతా తిరిగి, "గాలి రోజూ ఉన్నట్టే ఉంది. సుద్దముక్కల పొడి కాస్త ఎక్కువ" అన్నాడు. తర్వాత బల్లమీద పిల్లలు తెచ్చిపెట్టిన ఫిల్టరు నీళ్ళ గ్లాసుల్లో ఒకదాన్ని ఎత్తి, అడుగున ఉన్న నల్లటి రవ్వల్ని వేళ్ళమధ్య నలిపాడు. "ఇది గాలిలోది కాదు. ఇది బొగ్గు. ఎవరో కడగకుండా వేశారు."

యోగేష్ సార్ ముఖం మాస్కు వెనకాల ఎలా ఉందో తెలియదు గానీ చెవులు ఎర్రబడ్డాయి. ఎదురుగా ఉన్న సందీప్‌ని లేపి, తెరమీది నీ పేజీ నువ్వే చదవమన్నాడు. సందీప్ బుద్ధిమంతుడు. ఉన్నది ఉన్నట్టు గట్టిగా చదివాడు. "...పునరావృతం కాకుండా కుమారి నవ్య ఇకముందు తగు జాగ్రత్త వహించగలదు."

హాలు గొల్లుమంది. తర్వాత వేసిన పేజీలోనూ కుమారి నవ్యే. ఆ తర్వాతదాంట్లోనూ ఆవిడే. ఇరవై ఆరుమంది తరఫునా జాగ్రత్త వహించవలసిన కుమారి నవ్య మూడో వరసలో తల దించుకుని కూర్చుంది.

"ఇదా మేడమ్ మీ సొంత మాటలు?" అన్నాడు యోగేష్ సార్ హెలెన్ టీచర్‌తో. "అబద్ధాలు రాయడం నేర్పడానికి బడి అక్కర్లేదు. ఇవాళ్టితో బంద్."

నవ్య తలెత్తి తండ్రివైపు చూసింది. నూకరాజు మాస్కు తీసి లేచి నిలబడ్డాడు.

"సార్, పిల్లలు రాయలేదు. రాసింది నేను" అని హిందీలోనే మొదలుపెట్టాడు. కానీ మాట బోల్టు దగ్గరికొచ్చేసరికి తెలుగులోకి జారిపోయింది. "ఇరవై రెండేళ్ళ కిందట ఒకపాలి నిజం రాసినాను సార్. దెబ్బ తినీసినాను. మళ్ళీ రాయలేదు. మా పిల్ల రాస్తే బయమేసి తుడిచీసినాను. గల్తీ నాది. దాన్ది కాదు, టీచర్‌ది అసలే కాదు."

తెలుగు తెలిసిన హెలెన్ టీచర్ దాన్ని అందరికీ హిందీలో చెప్పింది. వెనక నుంచి అమ్మిరాజు లేచాడు. "నాదీ ఉందండి. నేను కాపీ కొట్టాను. అదీ చదవకుండా కొట్టాను." ఆ తర్వాత ఒక్కొక్కరే లేవడం మొదలుపెట్టారు. ఉక్క భరించలేక లేచినవాళ్ళు కూడా అందులో ఉన్నారని గిట్టనివాళ్ళు తర్వాత అన్నారు.

"నూకరాజుగారూ, ఒక్క మాట" అంది హెలెన్ టీచర్. "మీరు తుడిచింది ఎక్కడికీ పోలేదండి. దీంట్లో రాసిన ప్రతి మాటా, మార్చిన ప్రతి మాటా ఉండిపోతుంది. తేదీతో, టైముతో సహా."

ఇరవై రెండేళ్ళుగా ఆయన భయపడింది సరిగ్గా ఈ మాటకే. టీచర్ ఏదో నొక్కింది. నల్లటి నీళ్ళు తెరనిండా వచ్చాయి. "ఏమవుతుందిలే అని కడగకుండా వేశాను. తప్పు నాదే." ఆ వెనకే శుక్రవారం ఉదయం తొమ్మిది పదమూడుకి నూకరాజు రాసిన సంజాయిషీ కూడా వచ్చింది. దాన్నీ అందరూ చదివారు. నవ్య సంచీలోంచి తేట నీళ్ళ సీసా తీసుకుని స్టేజీ ఎక్కింది. ఆ నీళ్ళు ఇంకో గ్లాసులో పోసి నల్ల గ్లాసు పక్కన పెట్టి, బొగ్గు ఎలా కడిగిందో మొదటినుంచీ చెప్పింది. లెక్చరరు రెండు గ్లాసుల్నీ వెలుతురుకి పట్టి చాలాసేపు చూశాడు. మళ్ళీ చెప్పమ్మా అన్నాడు. నూకరాజు కళ్ళు తుడుచుకోవడానికి మాస్కే పనికొచ్చింది.

యోగేష్ సార్ బంద్‌ని రద్దు చేశాడు. కాకపోతే వచ్చే ఏటి నుంచి తల్లిదండ్రులకీ ఒక్కో పేజీ ఉండాలన్నాడు. "సార్, మరి మీకో?" అని సందీప్ అడిగాడు. ఆయన ఇబ్బందిగా నవ్వి, "రెండో జవాబు ఒక్కటే చదివాను. అదీ నా తప్పు. ముందు ఆ కిటికీలు తెరవండి" అన్నాడు.

సాయంత్రం నూకరాజు ఫోను ముందేసుకుని కూర్చున్నాడు. నవ్య పక్కన చేరి ఒక్కో ప్రశ్నా చదివి వినిపించింది. ఏం చేశాను, ఎక్కడ తప్పాను. బోల్టు దగ్గర్నుంచి మొదలుపెట్టి ఆయన వేలితో ఒక్కో అక్షరం నొక్కుతూ రాశాడు. ఎక్కడా "పై విషయమునకు సంబంధించి" రాలేదు.

"రాసింది చాలు గానీ, గడ్డి ఏదీ?" ఉమారాణి విసనకర్ర విసురుకుంటూ అడిగింది.

కూలర్ గడ్డి ఇంకా భన్‌పురి దుకాణంలోనే ఉంది. అందుకు గాలి కారణం కాదని కూడా నూకరాజు అదే పేజీలో రాసిపెట్టాడు.