రుక్కమ్మ దిగని కారు

ఇస్త్రీ చేసిన పట్టుచీర కట్టుకుని సూర్యాపేటలో బస్సెక్కిన మనిషి, మిర్యాలగూడలో దిగేసరికి పెళ్లికి వస్తున్నట్టు ఉండదు, పెళ్లిలో గిన్నెలు తోమి పోతున్నట్టు ఉంటుంది. ఈమధ్య ఆడవాళ్లకు టికెట్ లేదు, సీటూ లేదు. మగవాళ్లకు టికెట్ ఉంది, సీటు మాత్రం లేదు. తిరుగు ప్రయాణంలో చివరి బస్సు సరిగ్గా అప్పడాలు వడ్డించే వేళకు బయలుదేరుతుంది. ఈ బాధలన్నీ పదకొండేళ్లు పడ్డాక, నడిగూడెం హైస్కూల్లో లెక్కలు చెప్పే నాగేందర్ కారు కొనాలని నిర్ణయించాడు.

నిర్ణయానికి ఖర్చు లేదు. కారుకే ఉంది. చిట్టీ డబ్బులు, బ్యాంకు లోను కలిపితే సరిగ్గా తొమ్మిది లక్షలు. సూర్యాపేట షోరూం వాళ్లు ఇచ్చిన కాగితంలో అన్నీ కలిపి తొమ్మిది లక్షల నలభై రెండు వేలు. ఆ నలభై రెండు వేలు తగ్గకపోతే అతని భార్య శోభారాణి గాజులు మళ్లీ బ్యాంకుకు పోవాలి. అవి అక్కడినుంచి విడిపించుకుని వచ్చి మూడు నెలలే అయింది. ఆమె ఇంకా వాటిని తీసి గూట్లో పెట్టకుండా, అన్నం వండేటప్పుడు కూడా వేసుకునే తిరుగుతోంది.

అందుకే రెండో శనివారం పొద్దున, ఇడ్లీలు తింటూ, నాగేందర్ ప్రణాళిక వివరించాడు. అది కొత్తదేమీ కాదు. సూర్యాపేట చీరల కొట్లలో అతని పెద్దమ్మ రుక్కమ్మ నలభై ఏళ్లుగా అమలు చేస్తున్నదే. చీర నచ్చుతుంది. ధర నచ్చదు. రుక్కమ్మ ఒక్క మాట మాట్లాడకుండా లేచి, వెనక్కి చూడకుండా బయటికి నడుస్తుంది. ఆమె మూడో మెట్టు దిగేలోపల కొట్టువాడు వెనక్కి పిలుస్తాడు. నాలుగో మెట్టు దిగాల్సిన అవసరం ఆమెకు ఇంతవరకు రాలేదు.

కారుకూ అదే పద్ధతి అని నాగేందర్ తేల్చాడు. తను గొంతు సవరించుకోగానే రుక్కమ్మ ముందు లేవాలి, బయటికి పోవాలి, ఆటో ఎక్కి నేరుగా ఇంటికి వెళ్లిపోవాలి. పెద్దమనిషి అలిగి పోయిందంటే షోరూం వాళ్లు సగం చస్తారు. కాసేపటికి మొగుడూ పెళ్లాలూ లేస్తారు. మిగతా సగం అప్పుడు. "ఒక్కటే మాట. ఎవ్వరు గూడ ఎన్కకు సూడొద్దు," అన్నాడు. అరవై ఎనిమిదేళ్ల రుక్కమ్మ మూడో ఇడ్లీ మీద కారప్పొడి చల్లుకుంటూ, తనకు ఈ పని నేర్పేంత పెద్దవాడివి ఎప్పుడయ్యావన్నట్టు చూసింది.

షోరూంలో ముఖేష్ అనే సేల్స్ కుర్రవాడు టీ ఇచ్చాడు, నీళ్లు ఇచ్చాడు, ధర మాత్రం తగ్గించలేదు. నాగేందర్ గొంతు సవరించుకున్నాడు. రుక్కమ్మ ఠక్కున లేచి నడిచింది. వెనక్కి చూడకూడదన్న నియమం నాగేందర్‌ దంపతులు తమకూ వర్తింపజేసుకున్నారు కనుక, ఆమె ఎటు నడిచిందో వాళ్లు చూడలేదు. పది నిమిషాలకు వాళ్లూ లేచి, పక్కకు కూడా చూడకుండా బయటికి వచ్చారు. మూడు మెట్లు చాలా మెల్లగా దిగారు. రోడ్డు దాటారు. టీ బండి దగ్గర నిలబడి, టీ తాగి, ఇంకో టీ తాగారు. ఎవరూ పిలవలేదు.

తిరిగి వెళ్లడానికి మొహం చెల్లలేదు. ఎదురుగా కోదాడ బస్సు ఆగింది. కోదాడలో వేరే ఓనరుది షోరూం ఉంది. "సూర్యాపేట ఒక్కటే ఉన్నదా లోకంల," అని నాగేందర్ బస్సెక్కాడు. శోభారాణి డబ్బుల్లేని జీరో టికెట్ తీసుకుని నిలబడింది.

బస్సు ఊరు దాటుతుండగా ఫోన్ మోగింది. ముఖేష్.

నాగేందర్ మొహం వెలిగిపోయింది. ఫోన్ కట్ చేశాడు. మళ్లీ మోగింది. మళ్లీ కట్ చేశాడు. మూడోసారి మోగినప్పుడు తెర భార్యకు చూపించి, "సూసినవా, మెట్లు దిగినంక జర లేటుగ పిలుస్తున్నరు. అంతే తేడా," అన్నాడు. ఎత్తి మాట్లాడితే ఏం పోయిందని ఆమె అడిగింది. మొదటిసారి ఎత్తితే ఐదు వేలు తగ్గిస్తారని, పదోసారి ఎత్తితే యాభై తగ్గిస్తారని అతను లెక్క కట్టి చెప్పాడు. లెక్కల సారు కనుక ఆమె ఊరుకుంది.

తర్వాత వాట్సాప్ మొదలైంది. సార్ అర్జెంటుగా ఒకసారి రండి అని ఒకటి. ఆ తర్వాత ఫోటో ఒకటి, దాని వెంట వాయిస్ మెసేజ్‌లు మూడు. నాగేందర్ ఏదీ తెరవలేదు. తెరిస్తే నీలం టిక్కులు పడతాయి. నీలం టిక్కులు పడితే కొనే పార్టీకి మనసు ఉందని తెలిసిపోతుంది. కోదాడ చేరేసరికి పదకొండు మిస్డ్ కాల్స్, అందులో నాలుగు కొత్త నంబరు నుంచి. ట్రూకాలర్ దాని పేరు కోటయ్య మేనేజర్ అని చూపించింది.

"మేనేజర్ దాక పోయింది ముచ్చట," అన్నాడు నాగేందర్. ఆ మాట అన్నప్పుడు అతని నడుము నిటారుగా ఉంది.

కోదాడ షోరూంలో నరేష్ అనే అతను తొమ్మిది లక్షల ముప్పై ఎనిమిది వేలు చెప్పాడు. నాగేందర్ ఫోన్ అతని ముందు పెట్టి, సూర్యాపేట వాళ్ల మిస్డ్ కాల్స్ వరసగా చూపించాడు. నరేష్ వాటిని శ్రద్ధగా లెక్కపెట్టి ఫైలు మూసేశాడు. "ఇన్నిసార్లు చేస్తున్నారంటే వాళ్లే బాగా తగ్గించేట్టున్నారండీ. మీరు అక్కడే తీసుకోండి సార్," అన్నాడు. నాగేందర్ గొంతు సవరించుకుని లేచాడు. నరేష్ మర్యాదస్తుడు, తనే వచ్చి తలుపు తెరిచి పట్టుకున్నాడు. మెట్లు దిగడం తప్ప ఇంకో దారి మిగల్లేదు.

ఆ పూట అన్నం హోటల్లో తిన్నారు. హుజూర్‌నగర్ మీదుగా మిర్యాలగూడ బస్సులో శోభారాణికి సీటు దొరికింది, నాగేందర్‌కు కిటికీ చువ్వ దొరికింది. ఫోన్ మోగుతూనే ఉంది. పక్కన నిలబడ్డ రైతు ఒకాయన ఎవరు బాబూ అని అడిగితే, కారు ఇస్తామని వెంటపడుతున్నారని నాగేందర్ చెప్పాడు. బస్సులో రాడ్డు పట్టుకుని వేలాడుతున్న మనిషి చెప్పాడు కాబట్టి ఆయన నమ్మలేదు.

మిర్యాలగూడ షోరూంలో దీప అనే అమ్మాయి ఉంది. వయసు ఇరవై నాలుగుకు మించదు కానీ మిస్డ్ కాల్స్ చూపిస్తే ఫైలు మూసే రకం కాదు. సరిగ్గా అప్పుడే ముఖేష్ నుంచి ఇరవై ఆరో కాల్ వచ్చింది. "ఎత్తండి సార్. స్పీకర్ పెట్టండి. వాళ్లెంత తగ్గిస్తరో నేను గూడ ఇంట. దాని మీద ఇంకో వెయ్యి తగ్గిస్త," అంది.

నాగేందర్ కాలు మీద కాలు వేసుకుని స్పీకర్ పెట్టాడు.

"సార్, మీకు దండం పెడత. ఫోన్ కట్ చెయ్యకుండ్రి. మీ పెద్దమ్మ పొద్దటి సంది మా కార్లనే కూసున్నది సార్. దిగుమంటె దిగుతలేదు."

కాలు కిందికి దిగింది. పెద్దమ్మ ఇంట్లో ఉంది కదా అని నాగేందర్ అన్నాడు. వెంటనే పెద్దమ్మ నంబరుకు కొట్టాడు. శోభారాణి సంచీలో ఫోన్ మోగింది. కొంగున కడితే జారిపోతుందని రుక్కమ్మ పొద్దున తనకే ఇచ్చిందట. అప్పుడు వాట్సాప్ తెరిచాడు. నీలం టిక్కులు పడ్డాయి. ఫోటోలో తెల్లటి కొత్త కారు, వెనక సీటులో రుక్కమ్మ, ఒళ్లో చేతులు పెట్టుకుని, పాస్‌పోర్టు ఫోటోకు కూర్చున్నట్టు కూర్చుని ఉంది.

దీప మంచినీళ్లు ఇచ్చింది. ధర గురించి ఎవరూ మాట్లాడలేదు.

బస్సు కోసం ఆగే ధైర్యం లేక కిరాయి కారు మాట్లాడుకున్నారు. దారి పొడుగునా నాగేందర్ ఊహించుకున్నాడు. పొద్దుటి నుంచి తిన్నదో లేదో, బీపీ గోలీ ఇంట్లోనే ఉంది, షోరూం వాళ్లు పోలీసులను పిలిచారేమో. వాళ్లు ఎంత అడిగితే అంత ఇచ్చి, కాళ్లు పట్టుకుని, ముసలామెను ఇంటికి తెచ్చుకోవాలని తీర్మానించుకున్నాడు. ఆ మాట భార్యతో ఎలా చెప్పాలో తెలియక కిటికీలోంచి చూస్తున్నాడు. శోభారాణి గాజులు ఒకసారి ముంజేతి మీదికి జరుపుకుంది.

"పోతె పోనియ్యుండ్రి. ముందుగాల ఆమె మంచిగుంటె సాలు," అంది.

అసలు జరిగింది ఇది. పొద్దున రుక్కమ్మ పద్ధతి ప్రకారం లేచింది. తలుపు దాకా వెళ్లి, అద్దంలోంచి బయట ఎండ చూసి, ఒక్క నిమిషం ఆగింది. పక్కనే ప్రదర్శనకు పెట్టిన కారు. అక్కడ దుమ్ము తుడుస్తున్న పనావిడ మర్యాదకు తలుపు తీసింది. సీటు మెత్తగా ఉంది, ఏసీ చల్లగా ఉంది. రుక్కమ్మ ఒరిగి నిద్రపోయింది. లేచేసరికి నాగేందర్ లేడు, శోభారాణి లేదు. ఇంతలో ఎవరో తమ కొత్త కారు తీసుకుంటూ షోరూంలో అందరికీ లడ్డూలు పంచుతున్నారు. ఒకటి ఈమెకూ వచ్చింది. రుక్కమ్మకు విషయం అర్థమైపోయింది. బేరం కుదిరింది, లడ్డూలు పంచారు, పిల్లలు కొబ్బరికాయకూ నిమ్మకాయలకూ పోయారు. వాళ్లు వచ్చేదాకా కారు కాపలా తనదే.

ఆపైన ఎవరొచ్చి ఆ కారు తలుపు తీసినా, ఇది మాది, అమ్ముడుపోయింది అని చెప్పి వేసుకుంది. అయిదుగురు వెనక్కి పోయారు. అరవై ఎనిమిదేళ్ల మనిషిని చేయి పట్టి దింపే ధైర్యం షోరూంలో ఎవరికీ లేదు. చివరికి మేనేజరు కోటయ్య, ముఖేష్‌ను ముందు సీటులో కూర్చోబెట్టి, ఎలాగైనా నచ్చజెప్పమన్నాడు. ముఖేష్ అయిదు గంటలు కూర్చున్నాడు. అయిదు గంటల్లో నచ్చజెప్పింది అతను కాదు.

నాగేందర్, శోభారాణి షోరూం మెట్లు రెండేసి చొప్పున ఎక్కారు. ఎదురుగా కోటయ్య నిలబడి ఉన్నాడు. నాగేందర్ క్షమాపణకు చేతులు జోడించబోయాడు. కోటయ్య ముందే జోడించి ఉన్నాడు.

రుక్కమ్మ అద్దం దించింది. పక్కన ఖాళీ అన్నం ప్యాకెట్టు, టీ గ్లాసులు మూడు. మనిషి ఇంట్లో ఉన్నదానికంటే బాగుంది. శోభారాణి వంగి ఆమె చేయి పట్టుకుని, కాసేపు వదల్లేదు.

"ఏడికి పోయిండ్రు రా, కొబ్బరికాయకు గింతసేపా?" అంది రుక్కమ్మ. తర్వాత గొంతు తగ్గించింది, అంటే షోరూం మొత్తానికి వినపడేంతగా తగ్గించింది. "నాగేందరూ, పైసలు గిట్ల కట్టేసినవా? ఈ పిలగాడు అంత జెప్పిండు. హ్యాండ్లింగ్ అని తొమ్మిది వేలు ఊర్కెనే రాస్తరంట. సీటు కవర్లు, బొమ్మలు అని పందొమ్మిది వేలు, అవి మనం వద్దంటె తీసెయ్యాలెనంట. ఇన్సూరెన్స్ బయట జేసుకుంటె పద్నాలుగు వేలు తక్కువంట. అడిగినోళ్లకే తగ్గిస్తరంట బిడ్డా. నువ్వు అడిగినవా?"

నాగేందర్ అడగలేదు. మూడు ఊళ్లు తిరిగాడు, రెండు షోరూముల మెట్లు దిగాడు, దేనికి ఎంత వేశారని మాత్రం ఎక్కడా అడగలేదు. తొమ్మిదీ, పందొమ్మిదీ, పద్నాలుగూ కూడితే నలభై రెండు అవుతుందని లెక్కల సారుకు తెలుసు.

ముందు సీటులో ముఖేష్ స్టీరింగు వెనక ఎంత దాక్కోవచ్చో అంత దాక్కున్నాడు. కోటయ్య నాగేందర్ మౌనాన్ని చూశాడు. కొనేవాడు అలా మాట్లాడకుండా నిలబడటం తన పదిహేనేళ్ల సర్వీసులో చూడలేదు. "ఆ మూడు తీసేస్త సార్. సరిగ్గ తొమ్మిది లక్షలు. ఈ కారే రాయించుకోండి," అన్నాడు. నాగేందర్ ఇంకా తేరుకోలేదు. "కాళ్ల కింద మ్యాట్లు ఫ్రీ," అన్నాడు కోటయ్య. అప్పటికీ జవాబు లేదు. "మొదటి సర్వీసు రోజు నేనే బండి తీసుకపోయి, నేనే తెచ్చిస్త," అన్నాడు. ఇంక ఆలస్యం చేస్తే మనిషి ఏడుస్తాడేమోనని శోభారాణి మధ్యలోకి వచ్చి సరే అంది.

కాగితాల మీద సంతకాలయ్యాయి. రిజిస్ట్రేషన్‌కు మూడు రోజులు పడుతుంది, అంతవరకు కారు బయటికి ఇవ్వకూడదు. ఆ సంగతి రుక్కమ్మకు చెప్పడానికి షోరూంలో ఎవరూ ముందుకు రాలేదు. కోటయ్య కాసేపు ఆలోచించి, అలాంటిదే ఇంకో కారు, టెస్ట్ డ్రైవ్‌కు వాడేది, వాకిట్లోకి తెప్పించాడు. కొన్న కారుకు పూజ చేయించేదాకా అందులో కూర్చోకూడదని, ఈ కారులో ఇంటికి పోదామని నాగేందర్ బతిమిలాడితే రుక్కమ్మ దిగింది. ఆరున్నర గంటల తర్వాత ఆమె కాలు నేల మీద పడగానే, షోరూంలో ఎవరో చప్పట్లు కొట్టి, వెంటనే ఆపేశారు.

వారం తిరగకముందే ధర సంగతి కాలనీ అంతా తెలిసింది. ఎలా తగ్గిందన్నది కూడా తెలిసింది. పక్కింటి ఉప్పలయ్య సిగ్గుపడకుండా రుక్కమ్మను ఒక్కరోజు పంపమని అడిగాడు. పొద్దున షోరూంలో దింపుతాడట, సాయంత్రం వచ్చి తీసుకుపోతాడట. గరిడేపల్లి నుంచి ఒకరు ట్రాక్టరు కోసం అడిగారు. అందులో ఏసీ ఉండదని తెలిసి రుక్కమ్మ ఒప్పుకోలేదు. మిగతావాళ్లకు వరసగా తేదీలు ఇచ్చింది. జూన్ నెలాఖరు దాకా ఆమెకు ఖాళీ లేదు.

ఇది రాస్తున్న నాకు మే నెలలో కారు కొనే పని ఉంది. ఏం చెయ్యాలో తెలిసినవాళ్లు దయచేసి ఒక ఉపాయం చెప్పండి, మా ఇంట్లో ఉన్నవాళ్లంతా దిగమనగానే దిగిపోయే రకం.