మూడు వందల అంగల కాలువ

ఆ రోజు ఉదయం పెట్టుకున్న పని చాలా చిన్నది. టీ తాగగానే టైలరమ్మ అత్తగారు నడవాలి, ఆవిడ వెనకే పెయింటరు రోడ్డు మీద నీలిగీత గీయాలి, ఎండెక్కకముందే అందరూ ఇళ్ళకు చేరాలి. సిమెంటు రోడ్డు వేసినప్పుడు పూడ్చేసిన పాత కాలువ ఎటు పారేదో పిల్లలకు తెలియాలని ఊరి ఆడవాళ్ళ సంఘం రోడ్డు మీద దాని బొమ్మ వేయిస్తోంది. గీత పూర్తయ్యాక దాని నిండా చేపలు, కడవలు, బట్టలుతికే ఆడవాళ్ళు వస్తారు. సంఘానికి పెద్దయిన టైలరమ్మ పెయింటరుకి ఒకటే షరతు పెట్టింది. "మా అత్తయ్య చెప్పినట్టే గియ్యాలి. నీ సొంత తెలివి వాడొద్దు."

కాలువ ఎక్కడ మలుపు తిరిగేదో కచ్చితంగా చెప్పగల మనిషి అత్తగారొక్కరే మిగిలారు. దేన్నయినా అంగలతో కొలవడం ఆవిడ అలవాటు. ఊరి మొదట్లో ఊటబావి దగ్గర్నుంచి తిన్నగా మూడు వందల అంగలు, అక్కడ ఎడమకి మలుపు. కాపురానికొచ్చిన కొత్తలో కడవెత్తుకుని రోజూ పెట్టిన లెక్క అది.

మూడు వందలవ అంగ పిండిమర ముందు పడింది. మరాయన మురిసిపోయాడు. కిందటేడు పక్క ఊళ్ళో కొళాయి గొట్టాలు వేసేముందు ఇలాగే నీలిగీతలు గీశారు కాబట్టి, మలుపు తిరిగిన చోట కొళాయి వస్తుందని అప్పటికే ఊరంతా పుకారు పాకిపోయింది.

"పెద్దమ్మ లెక్క తప్పింది," అన్నాడు నాలుగిళ్ళ ఇవతల సెలూన్ పెట్టుకున్న ఆయన.

"నా లెక్క తప్పా? నీ నెత్తిమీద వెంట్రుకలెన్నో చెప్పమంటావా?"

"అదెంతపని పెద్దమ్మా. ఏడో ఎనిమిదో."

పౌరుషం కొద్దీ ఆవిడ మళ్ళీ బావి దగ్గర్నుంచి నడిచారు. ఈసారి మూడు వందలు సెలూన్ ముందే అయిపోయాయి. మరాయన సెలూనాయన కాలరు పట్టుకున్నాడు. తగువు తీరాలంటే మూడోసారి నడవక తప్పలేదు. ఎండ నెత్తికెక్కింది. లెక్క ఇంకా ఇవతల, సైకిలు షాపు దగ్గరే ముగిసింది. షరతు ప్రకారం పెయింటరు మూడు గీతలూ గీశాడు. మూడూ ఎడమకి తిరిగి మూడు గోడల్ని గుద్దుకుని ఆగాయి.

అప్పుడొచ్చాడు ప్రెసిడెంటు. ఆ రోడ్డు ఆయన గేటు దగ్గరే ఆగిపోతుంది. కాలువ పూడ్పించిందీ ఆయనే.

"ఒక ఊరికి మూడు కాలువలా టైలరమ్మా? మతి తప్పిన మనిషిని ఇంట్లో కూర్చోబెట్టుకోక, బజారున పెడతారా?"

ఎవరో నవ్వారు. అత్తగారు సెలూన్ మెట్టుమీద చతికిలబడ్డారు. "నిజమేనేమోనే. ముసలిదాన్నైపోయాను. చెరిపించెయ్."

ఇరవై అయిదేళ్ళ కాపురంలో ఆవిడ నోట అలాంటి మాట కోడలు వినలేదు. తనతో ఏనాడూ ఓడని మనిషి ఈయన దగ్గర ఓడిపోవడం ఆమెకి తల కొట్టేసినట్టయింది.

"చెరపం," అంది.

"అయితే తవ్వి చూపించండి. ఎక్కడ కావాలంటే అక్కడ తవ్వుకోండి. కాలువ లేకపోతే ఈ గీతలన్నీ మీ చేతుల్తోనే తుడవాలి."

"ఎక్కడ కావాలంటే అక్కడేనా?"

"ఊరందరి ముందూ చెబుతున్నా."

టైలరమ్మ మూడు మలుపుల వైపూ చూసింది. ఒకదానికంటే ఒకటి బావికి దగ్గర. అత్తగారు అలిసేకొద్దీ అంగ కురచవుతోంది. లెక్క తప్పలేదు, కొలబద్ద కుంచించుకుపోయింది.

"అత్తయ్యా, మీరు కాపురానికొచ్చినప్పుడు మన గడప నుంచి దొడ్డిగోడకి ఎన్నంగలు?"

"ఇరవై. ఇప్పుడు ముప్ఫై రెండు. ఇల్లు సాగిందనుకున్నా."

టైలరమ్మ ఇంటికి పరుగెత్తి, గడప నుంచి గోడదాకా టేపు పెట్టి, అందులో ఇరవయ్యో వంతుకి ఒక నాడా కత్తిరించుకొచ్చింది. బావి దగ్గర మొదలుపెట్టి ఆ నాడాతో కొలుస్తూంటే ఊరంతా పైకే లెక్కపెట్టింది. సైకిలు షాపు దాటింది, సెలూన్ దాటింది, పిండిమరా దాటింది. రెండు వందల ఎనభై ఆరుకి ప్రెసిడెంటు గేటు వచ్చింది. ఆమె గడియ తీసింది.

"ఎక్కడికి?"

"ఎక్కడ కావాలంటే అక్కడన్నారుగా."

మూడు వందలు ఆయన మెట్ల ముందు, నున్నటి నాపరాళ్ళ మధ్య పడ్డాయి. పొద్దుట్నుంచీ కాలర్లు పట్టుకున్న ఇద్దరూ కలిసి ఒకే గడ్డపార అందుకున్నారు. రెండో రాయి లేచేసరికి కింద పాత కాలువ గట్టు బయటపడింది. నీళ్ళు కాసేపు బురదబురదగా ఊరాయి, తేటపడ్డాయి, పైకి పొంగి, ఎవరూ చెప్పకుండానే ఎడమకి తిరిగాయి. అటు ప్రెసిడెంటు కారు షెడ్డు ఉంది.

"గీత ఎక్కడిదాకా లాగమంటారమ్మా?" అడిగాడు పెయింటరు.

"మెట్లదాకా లాగు," అంది టైలరమ్మ.

ప్రెసిడెంటు చెప్పులు చేత్తో పట్టుకుని చీలమండల్లోతు నీళ్ళలో నిలబడ్డాడు. "ఇప్పుడు దీన్ని ఆపేదెట్లా?"

"ముప్ఫై ఏళ్ళు ఆపారు కదా బాబూ," అన్నారు అత్తగారు, "మీకే తెలియాలి."