ఒత్తు లేని పరిపాలన

తెలుగు లిపి కింద ఇన్నాళ్లూ భారంగా వేలాడిన ఒత్తులను తొలగించి ప్రజలకు ఊరట కలిగించిన ఘనత ఏ పండితుడికీ దక్కదు. అది ఒక కంప్యూటర్ అప్‌డేట్‌కే దక్కుతుంది. జిల్లాలోని సర్టిఫికెట్ కేంద్రాలన్నింటిలో అది ఎవరినీ అడగకుండా తనంతట తానే ఎక్కింది. తెల్లారేసరికి తెరల మీద సూర్యాపేట సూరాపేట అయింది, మిర్యాలగూడ మిరాలగూడ అయింది. కోదాడకు మాత్రం నష్టం వాటిల్లలేదు (పోవడానికి దానికి ఒత్తే లేదు).

ఈ సంస్కరణ సంగతి తెలియని అచ్చమ్మ, కూతురు కల్పనను వెంటబెట్టుకుని చిలుకూరు నుంచి పొద్దున్నే కోదాడ కేంద్రానికి వచ్చింది. కల్పనకు మిర్యాలగూడలో నర్సింగ్ సీటు దొరికింది. సాయంత్రంలోగా నివాస సర్టిఫికెట్ చూపిస్తేనే అది నిలుస్తుంది. గొర్రెల వెంట తిరిగే ఇంట్లోంచి సూదిమందు వేసే పిల్ల రాబోతోందని అచ్చమ్మకు కాళ్లు నేల మీద ఆనడం లేదు.

"ఒత్తులు రావట్లేదమ్మా," అన్నాడు కేంద్రం నడిపే ప్రవీణ్.

"గింతేనా బిడ్డా? దుకాణంల దొరుకుతయి గద. దూదియి తేవాల్నా, నూలుయి తేవాల్నా?"

ప్రవీణ్ ఓపికగా తెర ఇటు తిప్పి చూపించాడు. కల్పన పేరు కలన అని పడింది. తండ్రి బీరప్ప బీరప అయ్యాడు, తల్లి అచమ అయింది.

"అమ్మా, అందరం సగం సగమే వచ్చినం," అంది కల్పన.

ప్రవీణ్ శాస్త్రోక్తంగా మరమ్మతు మొదలుపెట్టాడు. కంప్యూటర్ ఆపి మళ్లీ ఆన్ చేశాడు. ఫాంట్లు తీసేసి మళ్లీ ఎక్కించాడు. అప్‌డేట్‌నే తీసేయబోతే తెర నీలంగా మారి, క్షమాపణ చెప్పి, అదే అప్‌డేట్‌ను ఇంకోసారి ఎక్కించుకుంది. చివరికి సూర్యాపేటలోని అప్‌డేట్ బాధితుల సహాయ విభాగానికి "ఒత్తులు రావడం లేదు" అని టైపు చేసి పంపాడు. అక్కడికి "ఒతులు రావడం లేదు" అని చేరింది. ఒతులు అనే పరికరం తమ జాబితాలో లేదని, కావాలంటే కొత్తగా ఇండెంటు పెట్టుకోవాలని వెంటనే జవాబు వచ్చింది (విభాగం చురుకుదనాన్ని ఎవరూ తప్పు పట్టలేరు).

మధ్యాహ్నానికి ఆ విభాగాధికారి జనార్దన్ ఉత్తర్వు వెలువరించారు. ఒత్తు లేని పేర్లవారికి ఒక వరస, ఉన్నవారికి ఇంకో వరస. మొదటి వరసలో నిలబడ్డ గిరి కూతురు చరిత సర్టిఫికెట్ చేతబట్టుకుని చక్కా పోయింది (తల్లిదండ్రుల ముందుచూపు అంటే అదీ). ఇంటిల్లిపాదికీ కలిపి నాలుగు ఒత్తులున్న అచ్చమ్మ కుటుంబాన్ని అధిక ఒత్తిడి వర్గంలో చేర్చారు.

"పెన్నుతోని రాయరాదా బిడ్డా?"

"రాస్తే దిద్దినట్టమ్మా. కేసవుద్ది."

ఆ ఉత్తర్వు కిందే జనారన్ అని అచ్చయిన చోట ద ఒత్తును ఎవరో నీలి సిరాతో చేర్చారు (అధికారి దిద్దితే దాన్ని ధ్రువీకరణ అంటారు).

బస్సు టైము దగ్గరపడింది. అచ్చమ్మ తెర మీది పేరు చూపించి, "గదే ఇయ్యి బిడ్డా. పేరు సగమైతేంది, పిల్ల నిండుగనే ఉన్నది గద," అంది.

మిర్యాలగూడ కాలేజీలో గుమస్తా పదో తరగతి మెమోనూ సర్టిఫికెట్‌నూ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశాడు.

"మెమో కల్పనది. చిలుకూరుల ఉంటున్నదేమో కలన. ఇద్దరిని తోలుకరా, మాట్లాడుదం."

"ఇద్దరు లేరు సారు. గీ ఒక్కతే," అంది అచ్చమ్మ.

"అయితే ఇంకో పిల్ల రాలేదని రాసుకుంట."

రాసుకున్నాడు. సీటు పోయింది. బస్టాండు దాకా అచ్చమ్మ ఏడుస్తూనే ఉంది.

అయినా ఆమె ఊరుకోలేదు. సూర్యాపేట వెళ్లి ఫిర్యాదు చేసింది. ఈలోగా ఇంకో అప్‌డేట్ వచ్చి ఒత్తులన్నీ క్షేమంగా తిరిగి చేరుకున్నాయి గానీ, అప్పటికే జారీ అయిన పేర్లను మార్చే వీలు లేదన్నారు. జనార్దన్ స్వయంగా విచారణ జరిపి నివేదిక ఇచ్చారు. చిలుకూరులో నివసిస్తున్న అమ్మాయి కలన అని, రెండో అమ్మాయి కేవలం కల్పన అని అందులో స్పష్టంగా ఉంది.

ఈసారి ఒత్తు సరిగ్గానే పడింది.