పసుపు కోటు పనితనం

"పింఛను ఆఫీసులో ఇకమీదట ఒక్కడూ పని ఎగ్గొట్టలేడు" అని మంత్రిగారు ప్రకటించారు. మనిషికో రంగు కోటు పంచారు. గోడమీది కెమెరా ముఖాలు చూడదు, ముఖం చూస్తే మొహమాటం వస్తుందట. రంగే చూస్తుంది. ఆ రంగు ఎంత కదిలితే అంత పని. మంత్రిగారి బుర్రకి ఆ రోజే దండం పెట్టుకున్నాను.

సూపరింటెండెంటుగారిది పసుపు. మొదటి రోజే ఆయన కోటు విప్పి, అటూ ఇటూ తల తిప్పే స్టాండు ఫ్యాన్‌కి తొడిగి, ఇంటికెళ్లి పడుకున్నారు. వారం తిరిగేసరికి ఆఫీసులో ఆయనంత కష్టజీవి లేడని తేలింది.

నా పక్క సీటు అక్కది ఆకుపచ్చ. పింఛను ఫైళ్లన్నీ రాసేది ఆవిడే. కూర్చునే రాస్తుంది కాబట్టి కదలిక సున్నా. "మిమ్మల్ని ఎందుకు తీసేయకూడదు?" అని మెమో వచ్చింది. ఆవిడ రిటైర్మెంటుకి ఇంకా నాలుగు నెలలే ఉన్నాయి.

"నడువక్కా, ఉద్యోగం పోతుంది" అన్నాను.

"నేను నడుస్తుంటే ఫైళ్లెవరు రాస్తార్రా?"

"ఫైళ్లకి కోటు ఇవ్వలేదు కదక్కా."

అక్క నెల రోజులు నడిచింది. కిటికీ బయట ముసలివాళ్ల వరస వీధి మలుపు దాటింది. వాళ్లని చూస్తే నాకు ఏడుపొచ్చేది. తెరమీద అక్క కదలిక గ్రాఫు మాత్రం బాగుంది.

ఉత్తమ ఉద్యోగికి పతకం ఇవ్వడానికి మంత్రిగారే వచ్చారు. మేడమీద ఆఫీసరుగారి గదిలో, తెరమీద తిరుగుతున్న పసుపు చుక్కని చూసి మురిసిపోతుండగా కరెంటు పోయింది. కెమెరాకీ తెరకీ బ్యాటరీ ఉంది. ఫ్యాన్‌కి లేదు. పసుపు చుక్క ఆగిపోయింది.

"ఏమయ్యాడయ్యా?"

ఆఫీసరుగారు కిందికి పరిగెత్తి, రెండు చేతులతో కోటు పట్టుకుని తిరిగొచ్చారు.

"కోటు మాత్రం మిగిలింది సార్."

మంత్రిగారు లేచి రెండు నిమిషాలు మౌనం పాటించారు. మేమూ పాటించాం. "పని చేస్తూ చేస్తూనే పోయాడు" అని కళ్లు తుడుచుకుని, కోటుకి పతకం గుచ్చి, అద్దాల పెట్టెలో పెట్టించడానికి వెంట తీసుకెళ్లారు. సూపరింటెండెంటుగారి భార్యకి వెంటనే పింఛను మంజూరు చేయమని ఆర్డరు వేశారు.

మర్నాడు సూపరింటెండెంటుగారు తెల్ల చొక్కాతో లబోదిబోమంటూ వచ్చారు. ఆఫీసరుగారు తెరంతా వెతికి, "మీరెక్కడా కనబడటం లేదండీ" అన్నారు.

అప్పటికే అక్క తన ఆకుపచ్చ కోటు విప్పి, ఖాళీ పడిన ఫ్యాన్‌కి తొడిగి, నెల తర్వాత మొదటిసారి కుర్చీలో కూర్చుంది.

"కూర్చోండి సార్, ముందు మీ పింఛను ఫైలే రాస్తున్నా."

ఆయన కూర్చుని, కళ్లు తుడుచుకున్నారు.

"అయితే రేపట్నుంచి ఆఫీసుకి రానక్కర్లేదుగా?"