ఇంతకీ లంగరెవరు?

టైలరమ్మ ఆ ఉదయం మొగుడి చొక్కా జేబుకు నాలుగు కుట్లు వేసేసి, పది గంటలకల్లా స్కూలు యూనిఫాంల పని పట్టాలనుకుంది. జేబులో మడత పెట్టిన కాగితం తగిలింది. విప్పి చూస్తే టైపు చేసిన కవిత.

"రేవులోనే ఈడు గడిచిన ఓడను నేను,
తుప్పు పట్టిన లంగరు గురక వింటూ.
తెరచాప విప్పాను, ఓ గాలీ,
చెప్పకుండా వెళ్లిపోదాం రా."

"ఏంటండీ ఇది?"

ప్రెస్సులో టైపు చేసే మొగుడు తేలు కుట్టిన దొంగలా చూశాడు. "ఏం లేదు, ఆఫీసు కాగితం" అని గొణిగి, కాఫీ సగంలో వదిలేసి వెళ్లిపోయాడు.

నిప్పు లేనిదే పొగ రాదనుకుని, ఆమె కాగితం పట్టుకుని మేడమీద ఉండే రిటైరైన తెలుగు మేష్టారి దగ్గరకు పరిగెత్తింది.

పాఠం చెప్పి ఎన్నాళ్లయిందో, మేష్టారి ముఖం వెలిగిపోయింది. "ఇది ఓడ గురించి కాదమ్మా, అంతా ప్రతీక! ఓడంటే కవి. లంగరంటే కట్టుకున్న మనిషి. ఇనుము చేత గురక పెట్టించాడు చూడు, ప్రాణం లేనిదానికి ప్రాణం పొయ్యడమంటే అదీ!"

"మరి గాలెవరండీ?"

మేష్టారు గొంతు తగ్గించారు. "పేరు దాచాడంటే దగ్గర్లోనే ఉండుంటుంది. ఇంతకీ నువ్వు గురక పెడతావా?"

టైలరమ్మ కాగితం వెనక్కి లాక్కుంది. పెడుతుంది. ఆ మాట మొగుడే చాలాసార్లు అన్నాడు.

వెంటనే అన్నయ్యకు ఫోన్ చేసింది. లారీ నడిపే అన్నయ్యకు ప్రతీకలు తెలియవు గాని, "చెప్పకుండా వెళ్లిపోదాం" మాత్రం బాగానే అర్థమైంది. అరగంటలో బావను సిరా చేతులతోనే లాక్కొచ్చి మేష్టారి ముందు నిలబెట్టాడు.

"గాలెవరు బావా?"

"ఏ గాలి?"

"బుకాయించకు! రెండో పాదంలోనే దొరికిపోయావు" అన్నారు మేష్టారు.

"రాసింది నేను కాదండీ. ఎవరో చెప్పను, మాటిచ్చాను."

"చూశావా చెల్లీ, అప్పుడే మాట కూడా ఇచ్చేశాడు!"

"నన్ను మనింటికి తీసుకుపో అన్నయ్యా" అంటూ టైలరమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

వంటింట్లోంచి మేష్టారి భార్య చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "అతన్ని వదిలెయ్యండి. అది రాసింది నేను. పత్రికకు పంపాలి, టైపు చేసి పెట్టు, ఎవరికీ చెప్పకు అన్నాను. గాలంటే మా అక్క. వచ్చేవారం ఇద్దరం సముద్రం చూడ్డానికి పోతున్నాం." మొగుడి వైపు తిరిగింది. "లంగరు సంగతి మీరు సరిగ్గానే చెప్పారు."

మేష్టారు కాగితం మళ్లీ అందుకుని, కళ్లజోడు సర్దుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, ఛందస్సు కుదరలేదన్నారు.