పైన పెట్టిన రూపాయి

బ్యాంకుకు బాకీపడ్డ మనిషిని పలకరించడానికి ఈ దేశంలో లెక్కలేనన్ని ఏర్పాట్లున్నాయి. బ్యాంకే బాకీపడితే మాత్రం, ఆ అప్పిచ్చినవాడి మొహం చూసే నాథుడు లేడు. నేను అలాంటి అభాగ్య ఋణదాతను. నివాసం మొయినాబాద్. ఒక పెద్ద బ్యాంకు (పేరు చెప్పను, బాకీదారు పరువు తీయడం నా స్వభావం కాదు) నాకు అక్షరాలా ఒక రూపాయి ఇవ్వాలి.

నా క్రెడిట్ కార్డు అప్పు అరవై వేలకు చేరినప్పుడు మా ఆవిడ ప్రేమజ్యోతి తన చిట్టీ ఎత్తి, ఆ డబ్బంతా నా చేతిలో పెట్టింది. నిజానికి ఆ డబ్బుతో ఆమె చౌరస్తా దగ్గర గోవర్ధన్ అనే ఆయన షట్టర్ గది కిరాయికి తీసుకుని కుట్టు దుకాణం పెట్టుకోవాలనుకుంది. నేను కార్డు మూసెయ్యాలి, బ్యాంకుకు కట్టే కిస్తీ ఇకమీద నెలనెలా ఆమెకు కట్టాలి. ఇదీ ఒప్పందం. కార్డు మూతపడగానే మొదలుపెడతానని మాటిచ్చాను. ఆదివారం ప్రార్థన మందిరంలో లేచి నిలబడి, అప్పు నుంచి విడుదల దొరికిందని సాక్ష్యం చెప్పి, సంఘమంతా చూస్తుండగా కార్డును రెండు ముక్కలు చేశాను. (కత్తెర కూడా ప్రేమజ్యోతిదే.)

పొరపాటు ఎక్కడ జరిగిందంటే, అరవై వేలు కట్టాల్సిన చోట నేను అరవై వేల ఒక రూపాయి కట్టాను. మా వైపు పెళ్ళి కవరులో ఐదు వందలు పెడితే పైన ఒక రూపాయి పెట్టకుండా ఇవ్వం. ఇచ్చేది సున్నాతో ముగియకూడదు. బ్యాంకును సాగనంపుతున్నాననే సంతోషంలో ఆ మర్యాద ఇక్కడా పాటించాను. కట్టిన మొత్తంలో నా స్వార్జితం ఆ రూపాయి ఒక్కటే.

కస్టమర్ కేర్‌లో సాహిత్య అనే అమ్మాయి, నిల్వ సున్నా అయితేనే ఖాతా మూయగలమని చెప్పింది. రూపాయి ఖర్చుపెట్టుకోమంది. పది రూపాయలకు తక్కువ ఖర్చును బ్యాంకు యాప్ ఒప్పుకోదని కూడా ఆమే చెప్పింది. కార్డు ముక్కలైనా దాని నంబరు యాప్‌లో బతికే ఉంది కాబట్టి, పది రూపాయల రీఛార్జ్ చేసి, తొమ్మిది రూపాయలు బాకీపడ్డాను. ఆ తొమ్మిది కట్టబోతే, చెల్లింపు కూడా పదికి తగ్గకూడదంది యాప్. పది కట్టాను. రూపాయి క్షేమంగా తిరిగొచ్చింది. పదకొండు ఖర్చుపెట్టి పది కడితే లెక్క తెగుతుందని ఎట్టకేలకు నా బుర్రకు తట్టింది. అలాగే చేశాను. నా క్రమశిక్షణను మెచ్చి యాప్ ఒక రూపాయి క్యాష్‌బ్యాక్ ఇచ్చింది. ఫిర్యాదు చేస్తే ఫోనుకు సందేశం వచ్చింది: మీ విన్నపం నమోదైంది, తగు సమయంలో స్పందిస్తాము.

ఈలోగా ఆ రూపాయి లెక్క చూపే కాయితం బ్యాంకు నుంచి నెలనెలా వస్తూనే ఉంది, ప్రేమజ్యోతి కిస్తీ సంగతి అడుగుతూనే ఉంది. ఖాతా ఇంకా మూతపడలేదు కదా అని నేను నిబంధన ప్రకారం జవాబిస్తూనే ఉన్నాను. (మిగిలిన ఆ కిస్తీ డబ్బు ఏమైందన్నది ఈ వ్యాసం పరిధిలోకి రాదు.)

చివరికి బస్సెక్కి చేవెళ్ళ శాఖకు వెళ్ళాను. అక్కడ శేష నిల్వల నివారణ అధికారి నాగేందర్ నన్ను కూర్చోబెట్టి, కార్డు చూపించమన్నాడు. రెండు ముక్కలూ బల్ల మీద పెట్టాను. ఒక వినతికి ఒకటే కార్డు చూపాలనీ, ఇవి రెండున్నాయనీ ఆయన అభ్యంతరం చెప్పాడు. విసిగిపోయి, ఆ రూపాయిని బ్యాంకుకే వదిలేస్తానన్నాను. ఆయన మొహం చిన్నబుచ్చుకున్నాడు.

"ఒకరి పైస మేం ఉంచుకోం, అన్నా. బ్యాంకుకు ఒక నీతి, ఇమాన్ ఉంటది" అన్నాడు.

కొత్త కార్డుకు దరఖాస్తు పెట్టించి పంపాడు. అది కొద్దిరోజుల్లోనే వచ్చింది. వెంట ఒక అభినందన పత్రం. ఎప్పుడు చూసినా బ్యాంకు దగ్గర సొంత సొమ్ము మిగిల్చే ఆదర్శ ఖాతాదారుడినైనందుకు నా పరిమితిని రెండింతలు చేశారట.

ఆ పత్రం పట్టుకుని, ఈ లోకంలో న్యాయం లేదని చెప్పుకోవడానికి ప్రేమజ్యోతి దగ్గరికి వెళ్ళాను. ఆమె మిషన్ మీద ఎవరిదో జాకెట్టు కుడుతోంది. తలెత్తకుండానే పత్రమంతా విన్నది.

"గోవర్ధన్ ఆ షట్టర్ ఇయ్యాల ఫోన్ల దుకాణమోళ్ళకు ఇచ్చిండు" అంది.

మిషన్ ఆపి, దారం తెంపి, నావైపు చూసింది.

"బ్యాంకోళ్ళు నీకు ఒక్క రూపాయి బాకీ ఉన్నరు. దానికి నెలనెలా కాయితం పంపుతున్నరు. నువ్వు నాకు అరవై వేలు ఉన్నవు. నాకేది కాయితం?"

సిగ్గుతో చచ్చిపోయాను. దాచుకోవడానికేమీ లేదు, ఆమె అడిగింది న్యాయం. ఏదో ఒకటి చెప్పాలి, చేతిలో పైసా లేదు. గొంతు సవరించుకుని, ఆమె విన్నపం నమోదైందనీ, తగు సమయంలో స్పందిస్తాననీ తెలియజేశాను.